రెండో చెయ్యి

నేను ఒక మీటను. దీపం వెలిగించే మీటను కాను, ఫ్యాను తిప్పే మీటను అసలే కాను. ఢిల్లీలో, దేశపు చట్టసభలో, ఒక సభ్యుడి బల్ల పక్కన తీగకు వేలాడుతూ బతికిన మీటను. అరచేతిలో ఇమిడే నల్లటి ఒళ్ళు, నెత్తిన ఒక బొడిపె, అంతే నా అందం. కొత్తవాళ్ళు నన్ను చూసి, ఆసుపత్రిలో నర్సును పిలిచే గంట అనుకునేవారు. అనుకోనివ్వండి. రోగాలు నేనూ తక్కువేం చూడలేదు.

బల్ల మీద నా దాయాదులు ముగ్గురుండేవారు. అవునంటే ఆకుపచ్చ, కాదంటే ఎరుపు, ఎటూ కాదంటే పసుపుపచ్చ. రంగూ దర్జా అంతా వాళ్ళదే. కానీ వాళ్ళలో ఎవరిని నొక్కినా, అదే సమయంలో రెండో చేత్తో నన్ను కూడా నొక్కి పట్టకపోతే ఓటు పడదు. మొదటి గంట మోగగానే రెండు చేతులూ నొక్కాలి, రెండో గంట మోగేదాకా వదలకూడదు. ఎందుకీ తతంగమంటే, పక్క కుర్చీ ఖాళీగా ఉంటే దాని ఓటు కూడా తానే వేసేసే చాకచక్యం మనిషికి ఉందని నన్ను చేసినవాడికి తెలుసు. మనిషికి ఉన్నవి రెండే చేతులు కనుక, ఆ రెండింటినీ ఒక ఓటుకే కట్టేశాడు.

నన్ను చేసినవాడు పొట్టిగా, చిరాకుగా ఉండే ఒక కర్మాగారపు మేస్త్రీ. నన్ను బిగించి, పదే పదే నొక్కి చూసి, "ఇది మొరాయించదు" అన్నాడు. ఆ మాట నేను మెడలో పతకంలా దాచుకున్నాను. తర్వాత ఎన్ని కొత్త బోర్డులొచ్చినా, ఎన్ని తీగలు మార్చినా, నా దగ్గరకొచ్చేసరికి "ఇది గట్టిదే, ఉండనీ" అని వదిలేసేవారు. నాకు కాస్త గర్వం ఎక్కువేనని ఒప్పుకుంటాను.

నా చూపు మోకాళ్ళు దాటి పోదు. చెవులు మాత్రం పాము చెవులు. మనుషుల్ని నేను అరచేతుల్ని బట్టి గుర్తుపడతాను. మొహాలు సభ కోసం దిద్దుకుని వస్తారు, అరచేతుల్ని దిద్దుకోవాలని ఎవరికీ తోచదు.

నా కుర్చీలో స్థిరంగా కూర్చున్న మొదటి మనిషి పోతుకూచి విశ్వేశ్వరం గారు. గోదావరి జిల్లా ప్లీడరు, అధికార పార్టీ మనిషి. నస్యం అలవాటు వల్ల ఆయన బొటనవేలు ఎప్పుడూ ఘాటుగా ఉండేది. సొంత పార్టీ మంత్రి లేచి మాట్లాడుతుంటే ఈయన కూర్చున్నచోటనే "ఇది చట్టమా, చింతకాయ పచ్చడా?" అని గొణిగేవారు. మంత్రికి వినిపించేది. వినిపించాలనే ఆయన గొణిగేది.

పార్టీ తన సభ్యులకు పంపే ఆజ్ఞను విప్ అంటారు, దాన్ని పంపే మనిషినీ విప్ అనే అంటారు. ఆ రోజుల్లో ఆ కాగితం మీద మాటల కింద గీతలు గీసేవారు. ఒక గీతంటే వస్తే సంతోషం, రెండంటే తప్పక రండి, మూడంటే వచ్చి చెప్పినట్టు వెయ్యండి. మూడు గీతలు అరుదుగా వచ్చేవి. ఒక గీత కాగితాలను విశ్వేశ్వరం గారు నస్యం పొట్లాలు కట్టుకోవడానికి వాడేవారు.

ఒకసారి కౌలు రైతుల మీద భారం వేసే ఒక నిబంధన వచ్చింది. "దీనికి నా చెయ్యి రాదు" అని ఆయన విప్‌కు మొహం మీదే చెప్పేశారు. ఆ విప్ నవ్వి, "సాయంత్రం పార్టీ సమావేశంలో తిట్టండి ప్లీడరుగారూ, తలుపులు వేసుకుని వింటాం. ఇక్కడ మాత్రం వద్దు" అన్నాడు. ఈయన వెళ్ళి తిట్టొచ్చారు. మర్నాడు మంత్రి లేచి ఆ నిబంధనను సవరించాడు. అప్పుడు విశ్వేశ్వరం గారు ఆకుపచ్చను కుడిచేత్తోనూ, నన్ను ఎడమచేత్తోనూ నొక్కారు. మనసారా నొక్కిన నొక్కుడు ఎలా ఉంటుందో నాకు ఆయన దగ్గరే తెలిసింది.

అలాగని అదేదో సత్యకాలమని నేననను. పార్టీ అప్పుడొక పెద్ద ఉమ్మడి కుటుంబం. వంటింట్లో ఎంత కొట్లాడుకున్నా వీధరుగు మీద ఒకటే మాట. ఆ కుటుంబంలోనూ పెత్తనం నలుగురిదే. ఎదురు పక్షం వాళ్ళు గుప్పెడు మంది, గొంతు చించుకున్నా వినే నాథుడు లేడు. కానీ సొంత మనిషి కాదంటే వినాలన్న భయం పార్టీకి ఉండేది, అది మాత్రం నిజం.

విశ్వేశ్వరం గారి తర్వాత కొన్నాళ్ళకు ఒకాయన వచ్చాడు. ఆయన పేరు నేను చెప్పను. పార్టీ పేరు చెప్పమంటే, ఏ నెలలోదో మీరు ముందు చెప్పాలి. ఆయన అరచేయి వేసవిలోనూ చలిలోనూ చెమటే. పొద్దున ఒక పార్టీ వాళ్ళతో కాఫీ, మధ్యాహ్నం ఇంకో పార్టీ వాళ్ళతో భోజనం, ఓటు మాత్రం మూడో పార్టీకి. గోడ మీద పిల్లి అంటారు కానీ, పిల్లి కనీసం ఒక పక్కకు దూకి ఊరుకుంటుంది. ఆయనలాంటివాళ్ళు కలిసి ఒక మంచి ప్రభుత్వాన్నో చెడ్డ ప్రభుత్వాన్నో, ఏదైతేనేం, పడగొట్టారు. ఆ రోజు ఆయన చేతిలో ఉన్నందుకు నాకు ఒళ్ళు మండిపోయింది.

అందుకే ఫిరాయింపుల చట్టం వచ్చినప్పుడు నేను సంతోషించాను. పార్టీ టిక్కెట్టు మీద గెలిచినవాడు పార్టీ ఆజ్ఞకు ఎదురు ఓటేసినా, వెయ్యకుండా ఊరుకున్నా సభ్యత్వం పోతుంది. పక్షం రోజుల్లో పార్టీ క్షమిస్తే బతుకుతాడు, లేకపోతే ఇంటికి. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నారని కొందరన్నారు. నేనలా అనను. ఎలుకలు నిజంగానే ఉన్నాయి, నా తీగ కొరికినంత పని చేశాయి.

కాకపోతే ఆ తర్వాత విప్ కాగితాల మీద ఒక గీతా రెండు గీతలూ మాయమైపోయాయి. ఏం వచ్చినా మూడు గీతలే. ఇంతలో ఒకే పెద్ద పార్టీ ఏలే రోజులూ పోయాయి. చిన్నా పెద్దా పార్టీలు చేతులు కలిపితేనే ప్రభుత్వం నిలబడేది. పట్టుమని పదిమంది లేని పార్టీవాళ్ళకు కూడా మంత్రులు ఎదురొచ్చి నమస్కారం పెట్టేవారు. మాటలన్నీ పార్టీ అధినేతల ఇళ్ళలో జరిగిపోయేవి. సభకు వచ్చేసరికి పెళ్ళి అయిపోయి, మాకు అక్షింతలు వేసే పని మాత్రం మిగిలేది.

అలాంటి రోజుల్లో నా కుర్చీలోకి అప్పలకొండ వచ్చింది.

బడే అప్పలకొండ. విజయనగరం వైపు సముద్రపు ఒడ్డున దిబ్బలపాలెం ఆమె ఊరు. ఎండుచేపలు అమ్ముకునే ఆడవాళ్ళ సంఘానికి పెద్దగా ఉండగా, మన రాష్ట్రపు పార్టీ ఒకటి పిలిచి టిక్కెట్టు ఇచ్చింది. గెలిచింది. ఆమె చెయ్యి మొదటిసారి తగిలినప్పుడు నేను ఉలిక్కిపడ్డాను. ఉప్పు తిని గరుకెక్కిన చెయ్యి అది. ఢిల్లీలో ఎన్నాళ్ళున్నా మెత్తబడలేదు.

ఆమె పక్క కుర్చీ చెరుకుమిల్లి సాంబశివరావు గారిది. ఆ పార్టీకి ఆయనే విప్. తెనాలి మనిషి, మంచివాడు. నిజంగా మంచివాడు, ఎగతాళికి అనడం లేదు. రాష్ట్రంలో తమ పార్టీ ప్రభుత్వం ఒకసారి గోడ మీది పిల్లుల చేతిలో పడిపోయినప్పుడు దగ్గరుండి చూసినవాడు. అప్పటినుంచి ఆయనకు నిద్రలో కూడా తలలు లెక్కపెట్టుకునే జబ్బు పట్టుకుంది. అప్పలకొండకు మొదటి రోజు రెండు చేతులతో ఎలా నొక్కాలో నేర్పింది ఆయనే.

"ఏటి బాబూ, ఒక ఓటుకి రెండు చేతులా?" అని ఆమె నవ్వింది.

"ఒకటి పార్టీ కోసం, ఒకటి ప్రజల కోసం అనుకోండమ్మా," అన్నాడాయన సరదాగా. ఆయన మాట ఆయనకే ఎదురొస్తుందని అప్పుడు తెలియదు.

తీర భూముల బిల్లు వచ్చింది. ఊళ్ళవాళ్ళు వలలు ఆరబెట్టుకునే, పడవలు లాగి పెట్టుకునే, చేపలు ఎండబెట్టుకునే ఒడ్డు భూములను కంపెనీలకు దీర్ఘకాలం కౌలుకిచ్చే బిల్లు. అది కేంద్ర ప్రభుత్వానికి ముఖ్యం. ఆ ప్రభుత్వానికి ఆమె పార్టీ మద్దతిస్తోంది, బదులుగా రాష్ట్రానికి రావలసినవేవో వస్తాయని అధినేత మాట పుచ్చుకున్నాడు. మూడు గీతల కాగితం అందరికీ అందింది.

అప్పలకొండ దిబ్బలపాలెంలో ఆడవాళ్ళ ముందు గంగమ్మ మీద ఒట్టేసి చెప్పి వచ్చింది, ఆ బిల్లుకు తన ఓటు పడదని. ఆ సంగతి సాంబశివరావు గారికి తనే చెప్పింది. అప్పటికి బిల్లు మీద చర్చ నడుస్తోంది. చర్చ అంటే, పార్టీకి ఇన్ని నిమిషాలని పంచుతారు. ఆమె పార్టీ నిమిషాలన్నీ పార్టీ నాయకుడికే పోయాయి. ఆమె పేరు కూడా పిలవలేదు.

"చూడమ్మా," అన్నాడాయన గొంతు తగ్గించి. "మీ ఊరివాళ్ళు మీ పేరు చూసి ఓటేశారా, మన గుర్తు చూసి వేశారా? అబద్ధం చెప్పొద్దు."

"గుర్తుకే ఏసినారు బాబూ. కానీ మాట అడిగింది గుర్తుని కాదు కదా, నన్ను."

"ఒక్కళ్ళకి సడలిస్తే రేపు పదిమంది అడుగుతారు. మళ్ళీ సంత మొదలవుద్ది. నేను చూశానమ్మా ఆ సంత."

ఆయన అన్నది అబద్ధం కాదు. ఆమె అన్నదీ అబద్ధం కాదు. వింటున్న నాకు ఎవరి పక్షం ఉండాలో తెలియలేదు. బల్లకు వేలాడేవాడికి పక్షమేమిటని సరిపెట్టుకున్నాను.

ఓటింగు రోజు వచ్చింది. గంటలు మోగాయి, లాబీలు ఖాళీ చేయించారు, తలుపులు మూశారు. మొదటి గంట మోగింది. అప్పలకొండ కుడిచేత్తో ఆకుపచ్చ మీట నొక్కింది. పక్కనుంచి సాంబశివరావు గారు అది చూసి ఊపిరి వదలడం నాకు వినిపించింది. ఎడమచేత్తో నన్ను పట్టుకుంది. గట్టిగా, గుప్పిట్లో, మెడ పిసికేస్తున్నట్టే పట్టుకుంది. బొటనవేలు నా బొడిపె మీద ఆనింది.

నొక్కలేదు.

ఆ వేలు వణుకుతోంది. నా బొడిపె కిందికి దిగడానికి వెంట్రుకవాసి చాలు, ఆ వెంట్రుకవాసి ఆమె దిగనివ్వలేదు. రెండో గంట మోగింది. సభ గోడ మీది బోర్డులో వరసలు వరసలుగా దీపాలు వెలిగినట్టు నాకు తీగలో తెలిసింది. ఆమె సీటు అంకె దగ్గర చీకటి.

పాపం, ఆమె లెక్క ఆమెకుంది. పార్టీ చూసే చెయ్యి పార్టీకిచ్చింది, బల్ల కింద చెయ్యి ఊరికిచ్చింది. అటు ఆజ్ఞ తప్పినట్టు కనబడదు, ఇటు ఒట్టు తప్పినట్టు కాదు. అవ్వా కావాలి, బువ్వా కావాలి. ఇంతమంది ఓట్లలో ఒక దీపం వెలగకపోతే ఎవరు చూస్తారనుకుంది. బిల్లు ఎలాగూ బోలెడు ఆధిక్యంతో నెగ్గింది. కానీ తలలు లెక్కపెట్టే జబ్బున్న మనిషి పక్కనే కూర్చున్నాడని మరిచిపోయింది.

"అమ్మా, మీ దీపం వెలగలేదే!" అన్నాడు సాంబశివరావు గారు. ఆమె మొహం చూసి ఉంటాడు, అంతా అర్థమైపోయి ఉంటుంది. అయినా వెంటనే లేచి గట్టిగా, "అయ్యా, ఈ సీటు మీట పనిచేయడం లేదు. దిద్దుబాటు చీటీ ఇప్పించండి" అన్నాడు.

ఓటు తప్పు పడినా, అసలు పడకపోయినా, సభ్యులు చీటీ మీద రాసిస్తే సరిచేసే ఆనవాయితీ ఉంది. సిబ్బంది చీటీ తెచ్చి ఆమె ముందు పెట్టారు. సాంబశివరావు గారు కలం తీసి ఇచ్చి వంగాడు.

"అవును అని టిక్కు పెట్టండి. యంత్రం మొరాయించిందని చెప్పండి. ఎవరూ ఏమీ అడగరు. మీ సీటు నిలబడుద్ది, నా తలనొప్పి పోద్ది. నా మాట ఇనండమ్మా, బతిమాలుకుంటున్నా."

మొరాయించిందట! పుట్టి బుద్ధెరిగాక ఎవరూ అనని మాట. మరోసారైతే నేను ఆ తీగ తెంపుకుని ఆయన నెత్తిన పడేవాణ్ణి. ఆ రోజు మాత్రం నాకు కోపం రాలేదు. నా మెడ ఇంకా ఆమె గుప్పిట్లోనే ఉంది. రాసెయ్యి తల్లీ, అనుకున్నాను. చెడిపోయానని రాసెయ్యి. ఒక మీట పరువు పోతే ఏమవుతుంది, చెత్తబుట్టలోకి పోతుంది. నువ్వు పోతే ఈ సభలో ఉప్పు వాసన తెలిసిన చెయ్యి ఇంకొకటి లేదు. నా బతుకులో మొదటిసారి, నిజంగా చెడిపోయి ఉంటే బాగుండునని కోరుకున్నాను.

ఆమె నన్ను వదిలింది. నెమ్మదిగా నన్ను కొక్కేనికి తగిలించింది.

"మీట మంచిదే బాబూ," అంది. "నాను నొక్కనేదు."

చీటీ మీద ఒక టిక్కు పెట్టడానికి ఎవరూ అంత సేపు తీసుకోరు. ఆమె తీసుకుంది. ఎటూ వేయలేదన్న గడిలో టిక్కు పెట్టి, సంతకం చేసి ఇచ్చేసింది.

సభ భోజనానికి లేచాక ఒక మెకానిక్ వచ్చాడు. ఫిర్యాదంటూ సభలో వినిపించాక పరీక్ష చేయాలి కదా. నన్ను విప్పి, తుడిచి, దీపం వెలుగుతోందో లేదో చూసి, మళ్ళీ బిగించి, నా తీగకు ఒక చిన్న అట్టముక్క కట్టాడు. దాని మీద రాసి ఉన్నది ఒక్కటే మాట: లోపం లేదు.

ఆ పక్షం రోజులూ సాంబశివరావు గారు కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. అధినేత కోపం తగ్గించింది ఆయనే. ఒక రోజు సభ మొదలుకాకముందే వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

"తప్పయిపోయిందని ఒక్క ముక్క రాసివ్వమంటున్నారు. అంతే. క్షమించేస్తారు."

"తప్పు సేసినానని రాస్తాను బాబూ," అంది అప్పలకొండ. ఆయన మోకాళ్ళు సంతోషంతో కదిలాయి. "ఏ తప్పో అది కూడా రాస్తాను. ఎర్ర మీట రెండు చేతుల్తో నొక్కాల్సిందాన్ని, దొంగలాగ ఒక చెయ్యి దాసినాను. మీకూ ఒక చెయ్యి సూపించినాను, మావోళ్ళకీ ఒక చెయ్యే సూపించినాను. అది తప్పు."

"అది రాస్తే క్షమించరమ్మా" అన్నాడాయన.

"తెలుసు బాబూ. మీరు బెంగెట్టుకోకండి. మీ పని మీరు సేసినారు."

ఆమె వెళ్ళే రోజు ఎవరికీ తెలియకుండా నన్ను ఒకసారి చేతిలోకి తీసుకుంది. సభ ఖాళీగా ఉంది, ఓటు లేదు, గంట లేదు. బొడిపెను చివరిదాకా నొక్కి, కాసేపు అలాగే పట్టుకుని, వదిలింది. విశ్వేశ్వరం గారి తర్వాత అలా నన్ను నొక్కింది ఆమె ఒక్కతే. దానివల్ల ఏ దీపమూ వెలగలేదు. నాకు మాత్రం దుఃఖం ఆగలేదు.

ఆ తర్వాత ఉప ఎన్నిక జరిగి ఆమె పార్టీ మనిషే ఇంకొకతను వచ్చాడు. చక్కగా, గంటకు గంట, రెండు చేతులూ నొక్కేవాడు. ఎడమచేత్తో నన్ను పట్టుకునే ముందు సెల్‌ఫోను ఒళ్ళో పెట్టుకునేవాడు, ఆకుపచ్చా ఎరుపా అన్నది అందులో చూసుకుని నొక్కేవాడు. సాంబశివరావు గారికి అతని వైపు చూడవలసిన అవసరమే లేకపోయింది. ఆ ఖాళీలో ఆయన ఒక్కోసారి నా వైపు చూస్తూ కూర్చునేవాడని నా అనుమానం. తర్వాత ఆయన ఎన్నికల్లో నిలబడలేదు.

రానురాను నాతో పని కూడా తగ్గింది. ఒకే పెద్ద పార్టీ ఏలే రోజులు మళ్ళీ వచ్చాయి. అవునన్నవారు అవుననండి, కాదన్నవారు కాదనండి అంటారు సభాపతి. ఒకవైపు గొంతులు పెద్దగా వినిపిస్తాయి, అయిపోతుంది. ఎవరు గట్టిగా అరిచారో తెలుస్తుంది కానీ, ఎవరి చెయ్యి వణికిందో ఎవరికీ తెలియదు. కొందరు పార్టీలను తిడతారు, పార్టీలే లేకపోతే బాగుండునంటారు. నేను పిల్లి చేతిలోనూ ఉన్నవాణ్ణి, కనుక ఆ మాటకు నవ్వొస్తుంది. పార్టీ లేకపోతే దిబ్బలపాలెం చేపలమ్మి ఢిల్లీ గడప తొక్కేదా? తొక్కించిందీ ఆ పార్టీయే, దింపిందీ ఆ పార్టీయే. మనిషికి కాళ్ళిచ్చి, నడక మాత్రం తన దగ్గరే ఉంచుకునే ఈ అలవాటు ఎక్కడ నేర్చుకుందో నాకర్థం కాదు.

కొత్త భవనం కట్టారు. అక్కడి బల్లలకు తెరలున్నాయట, వేలితో తాకితే చాలట. మమ్మల్ని ఊడదీసి అట్టపెట్టెల్లో సర్దారు. నా తోటివాళ్ళు చాలామంది పాత ఇనుములో కలిసిపోయారు. నన్ను మాత్రం, మెడలో ఆ అట్టముక్క ఉండటం చూసి ముచ్చటపడి కాబోలు, పాత భవనంలోనే ఒక గదిలో అద్దాల పెట్టెలో పెట్టారు. కిందొక చిన్న దీపం. జనం వస్తారు, చూస్తారు, ఫోటో తీసుకుంటారు, పోతారు. ఎవరి చెయ్యీ తగలదు.

మొన్న ఒక ఆడవాళ్ళ గుంపు వచ్చింది. కాశీ వెళ్ళి వస్తూ ఢిల్లీ చూడాలని దిగినవాళ్ళు. మాట వినగానే నా తీగ నిక్కబొడుచుకుంది. అదే యాస. ఒడ్డున కంచె వేసేశారనీ, పడవలు ఇప్పుడు ఎక్కడో దూరంగా పెట్టుకుంటున్నారనీ మాట్లాడుకుంటున్నారు. "మన అప్పలకొండ కూకున్న కుర్సీ ఏదో అడగండే" అందొకామె. గైడుకు తెలుగు రాదు, వాళ్ళు చెప్పింది అతనికి అర్థం కాలేదు.

వాళ్ళలో అందరికంటే పెద్దామె నా దగ్గరకొచ్చి అద్దం మీద అరచేయి ఆనించింది. ఉప్పు తిన్న అరచేయి. అద్దం ఇవతలికి కూడా నాకు తెలిసింది.

"ఈ సీటీ మీద ఏటి రాసుందే?" అని మనవరాల్ని అడిగింది.

ఆ పిల్ల వంగి చదివింది. "ఒక్క మాటే, మామ్మా. లోపం నేదని రాసినారు."

ముసలామె నా వైపు చాలాసేపు చూసింది. గైడు ముందు గదిలోకి పిలుస్తున్నాడు, మిగతావాళ్ళు వెళ్ళిపోతున్నారు. ఆమె మాత్రం చెయ్యి తియ్యలేదు.

"లోపం నేకపోతే," అంది, "మరెందుకే తీసీసినారు?"